అంబాసిడర్ టాప్ లైనింగ్ మార్చి, లోపలంతా కొత్తగా చేసుకోవడం ఎలా

పాత అంబాసిడర్ ఇంట్లో ఉన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. "టాప్ లైనింగ్ జారిపోయి తలకు తగులుతోంది. కొత్త రెగ్జిన్ తెచ్చి గమ్ముతో అంటించేస్తే చాలా?" చాలదు. ఈ కారులో లైనింగ్ టాప్ రేకుకి అంటుకుని ఉండదు, ఇనప కడ్డీల మీద వేలాడుతుంది. ఆ సంగతి తెలియక రేకుకే నేరుగా అంటిస్తే ఎండాకాలం రాగానే ఊడి మళ్ళీ నెత్తిన పడుతుంది.

అంబాసిడర్‌కి మూలం 1950ల నాటి ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. అప్పటి పద్ధతే ఇందులోకీ వచ్చింది. అడ్డంగా కత్తిరించిన రెగ్జిన్ ముక్కల్ని ఒకదానికొకటి కుట్టి, ప్రతి కుట్టు వెనకా ఒక గుడ్డ గొట్టం వేస్తారు. ఆ గొట్టంలోంచి వంపు తిరిగిన కడ్డీ వెళ్తుంది. కడ్డీ రెండు కొసలూ తలుపుల పైనున్న పట్టీల రంధ్రాల్లో దిగుతాయి. చుట్టూ అంచులకు మాత్రమే గమ్ము.

ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 బళ్ళ గురించి. అంబాసిడర్ తయారైన పశ్చిమ బెంగాల్ ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయే లోపు లోపలి అమరిక చాలాసార్లు మారింది. కాబట్టి మొదలుపెట్టే ముందు అరచెయ్యి లైనింగ్‌కి ఆనించి ముందు నుంచి వెనక్కి జరుపుతూ వెళ్ళండి. మధ్యమధ్య అడ్డంగా గట్టి కడ్డీ చేతికి తగిలితే కింది పద్ధతంతా మీ బండికి పనికొస్తుంది. ఎక్కడా తగలకుండా అంతా బోర్డులా గట్టిగా ఉంటే అది అచ్చుపోసిన లైనింగ్. అప్పుడు 5 నుంచి 8 వరకూ ఉన్న దశలు వదిలేయండి. బోర్డు దించి, పాత ఫోమ్ గీకేసి, ఫోమ్ బ్యాకింగ్ ఉన్న గుడ్డ అంటించుకుంటే సరిపోతుంది.

పని వరుస

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రెగ్జిన్ కొనడం ఆఖరి పని. ముందు నీళ్ళు కారడం ఆపాలి, తర్వాత తుప్పు, ఆ తర్వాత వెల్డింగ్, దాని మీద రంగు. టాప్ లైనింగ్, తలుపులు, సీట్లు, కింది మ్యాట్ ఇదంతా అయ్యాకే, అదే వరుసలో. చాలామంది సీట్లతో మొదలుపెడతారు, ఎందుకంటే కంటికి ముందు కనిపించేవి అవే. ఆ కొత్త సీట్ల మీద తర్వాత వెల్డింగ్ నిప్పురవ్వలు పడతాయి, గమ్ము చుక్కలు పడతాయి.

కావలసినవి

రెగ్జిన్: టాప్‌కి పలచగా, వెనక గుడ్డ ఉన్న రకం కావాలి. సన్నటి చిల్లులున్నది దొరికితే పాత రూపానికి దగ్గరగా ఉంటుంది. సీట్ల రెగ్జిన్ మందంగా ఉంటుంది, దాన్ని టాప్‌కి వాడకండి. బరువుకి సాగి జారుతుంది, మూలల్లో మడత పడదు. పాత లైనింగ్ దించి కొలిచాకే కొనండి, కొలతకి మరో అర మీటరు కలుపుకోండి. మొత్తం ఒకే తాను నుంచి తీసుకోండి. తాను మారితే రంగులో వచ్చే తేడా షాపులో తెలియదు, ఎండలో తెలుస్తుంది.

గమ్ము: ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి సింథటిక్ రబ్బర్ గమ్ము. చెక్కకు వాడే తెల్ల ఫెవికాల్ ఇక్కడ పనికిరాదు. మన ఎండల్లో టాప్ రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఆ వేడికి అది నిలవదు.

మిగతావి: అరవై దాకా బైండర్ క్లిప్పులు, పదునైన కత్తెర, బ్లేడు కత్తి, దబ్బనం, చాక్‌పీసు, మాస్కింగ్ టేపు, మార్కర్ పెన్ను, వైర్ బ్రష్, ఎమరీ పేపరు, ఎపాక్సీ ప్రైమర్ లేదా రెడ్ ఆక్సైడ్, నలుపు ఎనామిల్, సైకిల్ వాల్ ట్యూబు ఒక మీటరు, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు, పానాల సెట్టు, స్క్రూడ్రైవర్లు, చేతి తొడుగులు, ముక్కుకి మంచి మాస్కు.

అద్దాల రబ్బర్ బీడింగులు పాతవే మళ్ళీ వేయకండి. గోటితో నొక్కితే గుంట పడి తిరిగి లేవని రబ్బరు పనైపోయినట్టే. అంబాసిడర్ సామాను విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే దొరుకుతుంది. అక్కడ లేకపోతే కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి తెప్పించుకోవాలి.

దశలు

1. ఫోటోలు, బ్యాటరీ

ఏదీ విప్పకముందే ఫోటోలు తీయండి. మూలలు, తలుపుల అంచులు, లోపలి లైటు, వెనక అద్దం కింది భాగం అన్నీ రావాలి. తర్వాత బ్యాటరీ వైర్లు తీసేయండి. గమ్ము ఆవిరి నిండిన కారులో డోర్ స్విచ్ దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు.

2. సీట్లు, మ్యాట్లు, తలుపుల ప్యాడ్లు దించడం

వెనక సీటు కింది భాగం ముందు అంచు పట్టుకుని పైకి లేపితే వచ్చేస్తుంది, రాకపోతే కింద స్క్రూ ఉందేమో చూడండి. ముందు సీటు బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. బలవంతంగా తిప్పితే బోల్టు తల తెగుతుంది, అప్పుడు డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది.

అద్దం దించే హ్యాండిళ్ళ విషయంలో తొందరపడొద్దు. వెనకున్న గుండ్రటి బిళ్ళను తలుపు వైపు నొక్కి పట్టుకుంటే హ్యాండిల్ మెడలో చిన్న పిన్ను కనిపిస్తుంది. దాన్ని సన్నటి మేకుతో నెట్టేయాలి. కొన్ని బళ్ళలో మధ్యలో స్క్రూ ఉంటుంది. పిన్ను సంగతి చూడకుండా స్క్రూడ్రైవరు దూర్చి ఎగదోస్తే బిళ్ళ పగులుతుంది, ప్యాడ్ చిరుగుతుంది. విప్పిన ప్రతి స్క్రూనీ కవర్లో వేసి ఎక్కడిదో రాసుకోండి.

3. నీళ్ళ పరీక్ష

ఈ దశ ఎవరూ చేయరు. లైనింగులు ఎక్కువగా పాడయ్యేది మాత్రం దీనివల్లే. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో నీళ్ళు పోయాలి. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. ముందు అద్దం కింది అంచు, తర్వాత పక్కలు, పై అంచు, ఆ తర్వాత టాప్ చుట్టూ ఉన్న వాన నీళ్ళ కాలువ, వెనక అద్దం, తలుపులు. ఒక్కో చోట అయిదు నిమిషాలు పోయండి. ఒకేసారి పైనుంచి కుమ్మరిస్తే నీళ్ళు ఎక్కడ దూరాయో తెలియదు. కారిన చోటల్లా చాక్‌పీసుతో గుర్తు పెట్టండి.

టాప్ చుట్టూ ఉన్న కాలువలో పాత సీలెంటు నెర్రెలు విచ్చి ఉంటుంది. దాని మీద కొత్తది పూయడం వల్ల ఉపయోగం లేదు. పూర్తిగా గీకేసి, రేకు కనిపించేదాకా శుభ్రం చేసి, ప్రైమర్ కొట్టి, అప్పుడు బాడీ సీలెంటు నింపండి.

4. ఫ్లోర్

సీట్లూ మ్యాట్లూ తీశాక కింద అంటుకున్న తారు షీటు గీకండి. డ్రైవరు కాళ్ళ దగ్గర, పక్క సీటు కాళ్ళ దగ్గర, జాకీ పెట్టే చోట్ల, తలుపుల కింది పట్టీల వెంబడి స్క్రూడ్రైవరు పిడితో తడుతూ వెళ్ళండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు మొద్దుగా మోగుతుంది. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. దిగబడితే ఆ ముక్క కోసేయాల్సిందే.

చిల్లుకి ఎం-సీల్ పెట్టి పైన మ్యాట్ పరిచేసే వాళ్ళున్నారు. దయచేసి అలా చేయకండి. సీటు బోల్టులు బిగిసేది ఆ రేకుకే. 18 గేజి రేకుతో ప్యాచ్ వేయించండి. ప్యాచ్‌ని చిల్లు చుట్టూ ఉన్న మంచి రేకుకి వెల్డ్ చేయాలి, తుప్పు అంచుకి కాదు. వెనక భాగంలో వెల్డింగ్ అయితే పెట్రోలు ట్యాంకు దించాకే. ఫ్లోర్ కింద వెళ్ళే బ్రేకు పైపులు, పెట్రోలు పైపు ఎక్కడున్నాయో వెల్డర్‌కి ముందే చూపించండి. డ్రైవరు వైపు ఫ్లోర్‌లో మూత బిగించిన రంధ్రం ఉంటే దాన్ని అలాగే ఉంచండి, మెకానిక్‌కి కింద చెయ్యి పెట్టడానికి అదే దారి.

వెల్డింగ్ తర్వాత వైర్ బ్రష్, ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, దాని పైన పెయింటు. తుప్పు మీద నేరుగా తారు పూస్తే లోపల తినడం ఆగదు, కనిపించకుండా పోతుందంతే.

5. పాత లైనింగ్ దించడం

పాత లైనింగే మీ కొత్త లైనింగ్‌కి కొలత. చింపి లాగి పారేస్తే కొత్తది ఊహించి కుట్టాల్సి వస్తుంది. పని బయట ఇచ్చేవాళ్ళు కూడా మేస్త్రీకి ముందే చెప్పండి, పాతది ముక్కలు చేయొద్దని, పని పూర్తయ్యేదాకా దాచమని.

తలుపుల చుట్టూ ఉన్న బీడింగు లాగేయండి. ముందు వెనక అద్దాల దగ్గర లైనింగ్ అంచు రబ్బరు కిందికి దూరి ఉంటే అద్దాలు దించాల్సిందే. ఆ పని అద్దాల పనివాడితో చేయించుకోవడమే మేలు. పాత టఫెండ్ అద్దం అంచుకి దెబ్బ తగిలితే మొత్తం పొడి పొడి అవుతుంది. అద్దం దించకుండా రబ్బరు పక్కన కోసేసి కొత్తదాన్ని స్క్రూడ్రైవరుతో కిందికి తోసే పద్ధతి ఒకటుంది. తొందరలో ఉన్నవాళ్ళకు అది నడుస్తుంది కానీ లాగి పట్టుకోవడానికి అంచు చేతికి దొరకదు, ముందు భాగం ఎప్పటికీ వదులుగానే ఉంటుంది.

అంచులు వదిలాక లైనింగ్ కడ్డీలతో సహా కిందికి జారుతుంది. ఒక్కో కడ్డీని రంధ్రంలోంచి తీసే ముందు మాస్కింగ్ టేపు చుట్టి "1 ఎడమ", "1 కుడి" అని రాయండి. ముందు నుంచి వెనక్కి 1, 2, 3. కడ్డీలన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ పొడవూ వంపూ వేరు వేరు. పట్టీలో ఒక్కో కడ్డీకి ఒకటి కంటే ఎక్కువ రంధ్రాలుంటే ఏ రంధ్రంలో ఉందో దానికి కూడా గుర్తు పెట్టండి.

6. కడ్డీలు, టాప్ రేకు

దించిన లైనింగ్ పైవైపు తిప్పి చూడండి. ప్రతి కుట్టు వెంబడీ గోధుమరంగు గీత కనిపిస్తుంది. అది కడ్డీ తుప్పు, గుడ్డ గొట్టంలోంచి ఊరి రెగ్జిన్ దాకా వచ్చింది. కడ్డీలు శుభ్రం చేయకుండా కొత్త లైనింగ్ వేస్తే రెండో వానాకాలానికల్లా అదే గీత కొత్త రెగ్జిన్ మీదికి దిగుతుంది. ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, ప్రైమర్ ఒక కోటు, ఎనామిల్ ఒక కోటు వేసి రెండు రోజులు ఆరనివ్వండి. వంపు మాత్రం మార్చకండి. నేల మీద పాత ఫోటో పక్కన పెట్టి చూసి, వంకర పోయిన కడ్డీ ఉంటే రెండో వైపుతో సరిపోల్చి కొద్దికొద్దిగా సరిచేయండి.

కడ్డీ కొసలకు సైకిల్ వాల్ ట్యూబు అంగుళం ముక్క తొడగండి. గతుకుల రోడ్డు మీద పైనుంచి వచ్చే కిటకిట శబ్దం సాధారణంగా ఈ కొసలదే.

టాప్ రేకు లోపలి వైపు అతికించిన పాత ఫెల్టు ఉంటే పూర్తిగా తీసేయండి. అది నీళ్ళు పీల్చుకుని రేకుని లోపలి నుంచి తినేస్తుంది. తుప్పు తీసి ప్రైమర్ కొట్టండి. ఆ తర్వాత అల్యూమినియం కాగితం ఉన్న క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీళ్ళు పీల్చని రకం), 5 లేదా 6 మి.మీ. మందంలో, కడ్డీల మధ్య ఖాళీల్లో అంటించండి. మే నెలలో కారు ఎక్కినప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇంకా మందం పెడితే చల్లగా ఉంటుందని 10 మి.మీ. అంటిస్తే కడ్డీలు పైకి వెళ్ళవు, లైనింగ్ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. లోపలి లైటు వైరు ఫోమ్ కింద పడిపోకుండా దానికో దారం కట్టి కిందికి వేలాడదీయండి.

7. కత్తిరించడం, కుట్టించడం

పాత లైనింగ్ కుట్లు బ్లేడుతో విప్పి ముక్కలు విడదీయండి. ఒక్కో ముక్క ముందు అంచుకీ వెనక అంచుకీ సరిగ్గా మధ్యలో చిన్న గాటు పెట్టండి. కొత్త రెగ్జిన్‌ని గుడ్డ వైపు పైకి ఉండేలా పరిచి, పాత ముక్క పెట్టి చాక్‌పీసుతో గీయండి. కుట్టుకి పాతదానికున్నంత అంచే వదలండి. పక్కలకూ ముందుకూ వెనక్కూ మాత్రం మూడేసి అంగుళాలు అదనంగా ఉంచండి, లాగి పట్టుకోవడానికి అవి కావాలి. పాత రెగ్జిన్ కొంత కుంచించుకుపోయి ఉంటుంది కూడా.

అన్ని ముక్కలూ తానులో ఒకే దిశలో కత్తిరించండి. రెగ్జిన్ ఒక వైపు ఎక్కువ సాగుతుంది, రెండో వైపు తక్కువ. గుడ్డ మిగుల్తుందని ఒక ముక్కని అడ్డంగా తిప్పి కత్తిరిస్తే ఆ ముక్క ఒక్కటే వేరేలా సాగి అక్కడ అల వస్తుంది. ఎంత లాగినా అది పోదు.

కుట్టుడు సీటు పనివాడి మిషన్ మీదే చేయించండి, ఇంటి మిషన్ లాగదు. నైలాన్ లేదా పాలిస్టర్ దారం అడగండి. నూలు దారం ఎండకి పొడిపొడిగా తెగుతుంది. కడ్డీ గొట్టాలకి గట్టి నూలు గుడ్డ పట్టీలు మంచివి. మధ్య గాట్లు ఒకదానికొకటి సరిగ్గా కలిశాయో లేదో మిషన్ దగ్గరే నిలబడి చూసుకోండి.

8. ఎక్కించడం, లాగడం, అంటించడం

ఎండగా ఉన్న రోజు ఎంచుకోండి. లైనింగ్‌ని గంటసేపు ఎండలో పరిస్తే మడతలు పోయి మెత్తబడుతుంది. నీడలో, నాలుగు తలుపులూ తీసి పనిచేయండి. ఇద్దరు కావాలి.

కడ్డీలు గొట్టాల్లో దూర్చండి. నంబర్లు, ఎడమ కుడి సరిచూసుకోండి. గొట్టాన్ని రెండు కొసల దగ్గరా మూడు నాలుగు అంగుళాలు కత్తిరించి వెనక్కి తీయాలి. రెగ్జిన్‌ని కాదు, వెనకున్న గుడ్డ గొట్టాన్ని మాత్రమే. గొట్టం కొసదాకా ఉండిపోతే కడ్డీ వంపు దగ్గర రెగ్జిన్ కిందికి రాకుండా పట్టేస్తుంది, తలుపు పైన ప్రతి కడ్డీ దగ్గరా ఒక ముడత నిలిచిపోతుంది. ఒకేసారి ఎక్కువ కోసేయకండి. ముందు రెండు అంగుళాలు కోయండి, లాగి చూడండి, కావాలంటే ఇంకో అంగుళం.

వెనక కడ్డీ నుంచి మొదలుపెట్టి ముందుకి ఒక్కొక్కటీ రంధ్రాల్లో దించి నిలబెట్టండి. కడ్డీలన్నీ నిటారుగా ఉండాలి, ముందుకో వెనక్కో వాలకూడదు. టాప్ మధ్య గీతకి లైనింగ్ కుట్ల మధ్య గాట్లు కలవాలి.

ఇప్పుడే గమ్ము తీయకండి. ముందు మొత్తం క్లిప్పులతోనే బిగించి చూడాలి. వెనక అద్దం అంచు మధ్యలో రెండు క్లిప్పులు, ముందు అద్దం అంచు మధ్యలో లాగి రెండు క్లిప్పులు. మధ్య నుంచి మూలల వైపు, ఒకసారి ముందు ఒకసారి వెనక. తర్వాత పక్కలు: ముందు వెనక తలుపుల మధ్యనున్న స్తంభం దగ్గర మొదలుపెట్టి, ఎడమ ఒక క్లిప్పు, కుడి ఒక క్లిప్పు. ఒక పక్కంతా పూర్తిచేసి రెండో పక్కకి వెళ్తే కుట్లు వంకర పోతాయి. మూలలు ఆఖరున. అంతా బిగించాక ఒక రాత్రి అలాగే వదిలేయండి. మర్నాడు రెగ్జిన్ కొంచెం సాగి ఉంటుంది. మళ్ళీ లాగి క్లిప్పులు సర్దండి.

ఇక గమ్ము. ఒక్కో అడుగు పొడవున క్లిప్పులు తీసి, రేకు అంచుకీ రెగ్జిన్ గుడ్డ వైపుకీ రెండింటికీ పలచగా పూయండి. వెంటనే అంటించకండి. వేలితో తాకితే జిగురు వేలికి రాకూడదు, అందాకా ఆగాలి. సాధారణంగా పది పదిహేను నిమిషాలు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. తడిగా ఉండగా అంటిస్తే జారుతుంది, ఎండలో బుడగలు వస్తాయి. ఆరాక లాగి నొక్కి పట్టి మళ్ళీ క్లిప్పు పెట్టండి. రెగ్జిన్ ముఖం మీద గమ్ము చుక్క పడితే తడిగా తుడవకండి. ఆరనిచ్చి వేలితో ఉండలా చుట్టి తీసేయండి. థిన్నరు అస్సలు తగలనివ్వకండి, రెగ్జిన్ మెరుపు కరిగిపోయి శాశ్వతంగా మచ్చ పడుతుంది.

గమ్ము ఆవిరికి తల తిరుగుతుంది. అరగంటకోసారి బయటికి రండి. దగ్గర్లో అగ్గిపుల్ల, సిగరెట్టు, గ్రైండరు ఏవీ వద్దు.

అదనపు అంచు అంటుకున్న మర్నాడు కత్తిరించండి. లైటు రంధ్రం అన్నిటికంటే చివర. లైటు స్థానం వేళ్ళతో వెతికి, మధ్యలో చిన్న గాటు పెట్టి, దారం లాగి వైరు బయటికి తీయండి. లైటు మూత కప్పేదానికంటే రంధ్రం చిన్నదిగా ఉండాలి.

9. అద్దాలు తిరిగి పెట్టడం

కొత్త రబ్బరు అద్దానికి తొడిగి, దాని గాడిలో నైలాన్ తాడు చుట్టి, బయట నుంచి ఒకరు అద్దాన్ని నొక్కుతుంటే లోపల నుంచి తాడు లాగుతూ రబ్బరు పెదవిని రేకు మీదికి తేవాలి. జారడానికి సబ్బు నీళ్ళు వాడండి. గ్రీజు, ఇంజనాయిలు రబ్బరుని ఉబ్బిస్తాయి. పెట్టాక 3వ దశలో చేసిన నీళ్ళ పరీక్ష మళ్ళీ చేయండి.

10. తలుపుల ప్యాడ్లు

ప్యాడ్ వెనక హార్డ్‌బోర్డు ఉబ్బి వంకర పోవడానికి కారణం తలుపులోకి దిగే వాన నీళ్ళు. అద్దం పక్క సందులోంచి నీళ్ళు తలుపులోకి వెళ్ళడం మామూలే, కింద రంధ్రాల గుండా బయటికి పోవాలి. ఆ రంధ్రాల్లో మట్టి ఉంటే పుల్లతో తీయండి. కొత్త హార్డ్‌బోర్డు పాతదాని ఆకారంలో కోసి, రెండు వైపులా, అంచులకు, రంధ్రాల లోపలికి కూడా వార్నిష్ రెండు కోట్లు వేయండి. రేకుకీ ప్యాడ్‌కీ మధ్య మందపాటి పాలిథీన్ షీటు అంటించండి, దాని కింది అంచు తలుపు లోపలికి మడవాలి. షాపుల్లో ఎక్కువగా ఈ షీటు వేయడం మానేస్తారు, అడిగి వేయించుకోండి.

11. సీట్లు

పాత కవర్లు విప్పితే కింద ఫోమ్, కొబ్బరి పీచు, గోనె, స్ప్రింగులు వరుసగా వస్తాయి. ఎలకలు గూడు కట్టి ఉండొచ్చు, తొడుగులు వేసుకుని విప్పండి. విరిగిన స్ప్రింగులు మార్చి, వదులైన వాటిని ఒకదానికొకటి కట్టించండి, ఫ్రేముకి రంగు వేయండి. స్ప్రింగుల మీద గోనె బదులు గట్టి కాన్వాస్, దాని మీద రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు షీటు, పైన ఫోమ్. ఫోమ్ 32 లేదా 40 డెన్సిటీ అడగండి. తక్కువ డెన్సిటీది షాపులో మెత్తగా హాయిగా ఉంటుంది, ఆరు నెలల్లో గుంట పడుతుంది.

మందం పెంచొద్దు. పాత సీటు ఎత్తు కొలిచి రాసుకోండి. రెండు అంగుళాలు పెరిగితే స్టీరింగు తొడలకు రాసుకుంటుంది, క్లచ్ మీదికి కాలు సరిగా పడదు. స్ప్రింగులు తీసేసి మొత్తం ఫోమే వేయమనే మేస్త్రీలు ఉన్నారు, పని సులువు కాబట్టి. ఒప్పుకోకండి. అంబాసిడర్ వెనక సీటులో దొరికే ఆ సుఖం స్ప్రింగుల వల్లే.

కవర్ల అంచుల్లో పైపింగ్ (కుట్టు వెంబడి ఉబ్బెత్తుగా వచ్చే సన్నటి పట్టీ) ఉంటే అలాగే కుట్టించండి, పాత గీతల వెడల్పు కూడా కొలిచి ఇవ్వండి. సీటు బెల్టులున్న బండి అయితే వాటి బోల్టులు కవరు కింద కప్పేయకుండా చూసుకోండి.

12. మ్యాట్

పాత బళ్ళకు రబ్బరు మ్యాటే మంచిది. దాని కింద ఫెల్టు వేయాలనిపిస్తే నీళ్ళు పీల్చని ఫోమ్ వేయండి. కార్పెట్‌ని ఫ్లోర్‌కి గమ్ముతో అంటించకండి. ఏడాదికోసారి ఎత్తి కింద చూసుకునేలా ఉండాలి.

ముడతలు ఎటు ఉన్నాయో చూసి కారణం పట్టుకోవడం

రెండు కడ్డీల మధ్య, కడ్డీలకు సమాంతరంగా వదులు కనిపిస్తే ముందుకీ వెనక్కీ లాగడం చాలలేదు. ముందు నుంచి వెనక్కి సాగే గీతలు కనిపిస్తే పక్కలకు లాగడం చాలలేదు. మూలల్లో ఏటవాలు ముడతలు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లాగినప్పుడు వస్తాయి. ముడత ఎటు పడిందో దానికి అడ్డంగా లాగాలి. కడ్డీ కొస దగ్గర మాత్రమే ఉంటే గుడ్డ గొట్టం ఇంకా వెనక్కి కత్తిరించాలి.

సరిచేయాలంటే అంచుని డ్రయ్యరుతో వెచ్చబరిచి మెల్లగా ఊడదీసి, మళ్ళీ రెండు వైపులా గమ్ము పూసి లాగండి. చిన్న చిన్న అలలకు గమ్ము జోలికి పోవద్దు. అద్దాలు ఎక్కించి కారుని రెండు మూడు మధ్యాహ్నాలు ఎండలో ఉంచితే చాలావరకు బిగుస్తాయి. మిగిలిన చోట డ్రయ్యరు, అరచెయ్యంత దూరం నుంచి, ఆపకుండా కదుపుతూ. పెయింటు ఊడదీసే హీట్ గన్ వాడితే చిల్లులు సాగి పెద్దవవుతాయి.

పని సరిగా వచ్చిందో లేదో

తలుపులు మూసి, వెనక సీటులో కూర్చుని ముందుకి చూడండి. కుట్లన్నీ అడ్డంగా ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. వేలితో నొక్కితే లైనింగ్ కొద్దిగా లోపలికి వెళ్ళి వెంటనే వెనక్కి రావాలి. గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి పైనుంచి శబ్దం వస్తుందేమో వినండి. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు మ్యాట్లు ఎత్తి ఫ్లోర్‌ని చేత్తో తడిమి చూడండి. మూసి ఉన్న కారులో ముక్క వాసన వస్తుంటే ఎక్కడో తడి మిగిలిందన్నమాట. నెల తర్వాత సీటు బోల్టులు మరోసారి బిగించండి, కొత్త మ్యాట్ కుదురుకున్నాక అవి కొంచెం వదులవుతాయి.

టాప్ బయట వైనిల్ వేయించవచ్చా?

1960లు, 70ల అమెరికా కార్లలో టాప్ మీద వైనిల్ కప్పి వచ్చిన మోడళ్ళు చాలా ఉన్నాయి. అది చూసి అంబాసిడర్‌కి వేయించుకోవాలని కొందరు అడుగుతున్నారు. నా సలహా వద్దనే. కుట్ల దగ్గర, అద్దాల అంచుల దగ్గర నీళ్ళు వైనిల్ కిందికి దూరితే ఆరే దారి లేదు. రేకు కింద కింద తినుకుంటూ పోతుంది, పైకి ఉబ్బు కనిపించేసరికి చిల్లు పడి ఉంటుంది. అమెరికాలో ఉంటూ అలాంటి కారు బాగుచేసుకునే మనవాళ్ళు కూడా పాత వైనిల్ మీద కొత్తది వేయకుండా, మొత్తం ఒలిచి రేకు చూసి, తుప్పు తీసి, ఎపాక్సీ ప్రైమర్ పూర్తిగా ఆరాకే కొత్తది వేయాలి. అంటించేటప్పుడు మధ్య గీత నుంచి పక్కలకు వెళ్ళాలి.

మీ బండి 50 ఏళ్ళు దాటితే ఇంకో సంగతి కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండి, అసలు రూపం చెడని సొంత వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కాబట్టి సన్‌రూఫ్ కోసం టాప్ కోయించే ఆలోచన మానుకోండి. పని మొదట్లో తీసిన ఫోటోలు, దించిన పాత భాగాలు భద్రంగా ఉంచండి. మిగిలిన రెగ్జిన్‌ని మడతపెట్టకుండా గొట్టంలా చుట్టి, ఏ తాను ఏ షాపుదో దాని మీదే రాసి, పొడిగా ఉన్న చోట పెట్టుకోండి. రేపు ఒక ముక్క చిరిగితే ఆ రంగు మళ్ళీ దొరకదు.